ఒకే తాటిచెట్టు, రెండు కాపురాలు: పామ్ స్విఫ్ట్, పసుపు గబ్బిలం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో కాలువ గట్టున ఉన్న ఏ ముసలి తాటిచెట్టు దగ్గరైనా పొద్దుగూకే వేళ ఓ అరగంట నిలబడండి. ఒక పిట్ట పగలంతా గాలిలో తిరిగి ఇంటికి చేరుతుంటుంది. అదే మట్టల్లోంచి ఒక గబ్బిలం అప్పుడే నిద్ర లేచి బయల్దేరుతుంటుంది. చేలో పనివాళ్ళు, చుట్టాలు, పక్కింటి పిన్నిగార్లు, బడి పిల్లలు ఈ రెండింటి గురించి నన్ను అడిగిన ప్రశ్నలు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఏ పిట్ట? ఏ గబ్బిలం?

పిట్ట పేరు ఏషియన్ పామ్ స్విఫ్ట్. శాస్త్రీయ నామం సిప్సియూరస్ బాలసియెన్సిస్. గబ్బిలం పేరు గ్రేటర్ ఏషియాటిక్ ఎల్లో హౌస్ బ్యాట్. దీని శాస్త్రీయ నామం స్కోటోఫిలస్ హీథీ. మద్రాసు నుంచి వెళ్ళిన నమూనాను చూసి 1831లో హార్స్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. స్కోటోఫిలస్ అంటే గ్రీకులో చీకటిని ఇష్టపడేది అని అర్థం. ఇక్కడ నేను స్విఫ్ట్ అని, పసుపు గబ్బిలం అని రాస్తాను.

ఒక్కమాట ముందే చెప్పాలి. మర్రిచెట్టుకీ రావిచెట్టుకీ వందలకొద్దీ తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు వేరు. అవి పండ్లు తింటాయి, రెక్కలు చాపితే మీటరు దాటుతాయి. మన పసుపు గబ్బిలం పురుగులు మాత్రమే తింటుంది. మనిషి గుప్పెట్లో పడుతుంది.

పోల్చాలంటే కాకి, గుడ్లగూబ లాంటివి బోలెడు ఉన్నాయి కదా, ఈ స్విఫ్టే ఎందుకు?

ఈ రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి, ఒకే రకం తిండి తింటాయి, ఒకే ఆకాశంలో తిరుగుతాయి. తేడా అంతా వేళలో ఉంది. పగటి షిఫ్టు ఒకరిది, రాత్రి షిఫ్టు ఒకరిది. పైగా ఒకటి గుడ్డు పెట్టేది, ఒకటి పాలిచ్చేది. పుట్టుకలో ఇంత దూరమున్న రెండు ప్రాణులు ఒకే పని ఎలా నేర్చుకున్నాయో చూడాలంటే ఇంతకంటే మంచి జత మన డెల్టాలో నాకు కనబడలేదు.

స్విఫ్ట్‌ని ఎలా గుర్తుపట్టాలి? వానకోవెలా ఇదీ ఒకటేనా?

కాదు. మా వైపు చాలామంది దీన్ని కూడా వానకోవెలే అంటారు. తేడా తెలుసుకోవడం తేలిక. కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నవి కనబడితే అవి వానకోవెలలు. స్విఫ్ట్ తీగ మీద కూర్చోలేదు. దాని కాళ్ళు మరీ పొట్టివి, వేళ్ళు కొక్కేల్లా ఉంటాయి. నిలువుగా ఉన్న ఆకుని పట్టుకుని వేలాడటానికి తప్ప కొమ్మ మీద నిలబడటానికి పనికిరావు. స్విఫ్ట్‌ల కుటుంబానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఏపొడిడే. అంటే కాళ్ళు లేనివి అని.

ఒళ్ళంతా మట్టిరంగు గోధుమ. తోకతో కలిపి సుమారు 13 సెంటీమీటర్లు. బరువు పది గ్రాములకు అటూ ఇటూ. రెక్కలు సన్నగా కొడవలిలా వంపు తిరిగి ఉంటాయి. తోక చీలి ఉంటుంది కానీ ఎగిరేటప్పుడు ఎక్కువగా మూసుకునే ఉండటంతో ఒక సూదిలా కనిపిస్తుంది. గబగబా నాలుగుసార్లు రెక్కలాడించి, కాసేపు అలా జారి, మళ్ళీ ఆడిస్తుంది. తాటితోపు చుట్టూ సన్నగా కీచుమంటూ గుంపుగా తిరుగుతున్నాయంటే అవి ఇవే.

మరి పసుపు గబ్బిలాన్ని?

ఎగిరేటప్పుడు రంగు తెలియదు. దగ్గరగా చూసే అవకాశం నాకు ఒక్కసారి వచ్చింది. గాలివాన వెలిసిన మర్నాడు పొద్దున్న మా నూతి పళ్ళెం పక్కన ఒకటి పడి ఉంది. వీపు మీద బొచ్చు గోధుమరంగు, పొట్ట మాత్రం పండిన నిమ్మకాయ తొక్కలా పసుపు. మూతి కుక్కపిల్ల మూతిలా మొద్దుగా ఉంది. చెవి లోపల మరో చిన్న చెవిలా నిలబడ్డ సన్నటి తోలు రెబ్బ. రెక్క అంచున బొటనవేలు ఒక్కటే విడిగా, చివర చిన్న గోరుతో. ఆ గోరుతో నేలని పట్టుకుని పాకడానికి చూస్తోంది. తోకని వదిలేస్తే తలా ఒళ్ళూ కలిపి ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటుందంతే. స్విఫ్ట్ కంటే పొట్టిదే అయినా బరువు దానికి మూడు నాలుగింతలు ఉంటుంది.

గబ్బిలం ఎగురుతుంది కాబట్టి అది కూడా పక్షేగా?

ఇది పిల్లలు ఎక్కువగా అడుగుతారు, పెద్దవాళ్ళు అడగకుండానే నమ్మేస్తారు. గబ్బిలం మనలాగే పాలిచ్చి పిల్లల్ని పెంచే జంతువు. పళ్ళుంటాయి, బొచ్చుంటుంది, బయటికి కనిపించే చెవులుంటాయి. పిట్టకి ఇవేవీ ఉండవు. దానికి ముక్కు, ఈకలు ఉంటాయి.

రెక్క దగ్గరే అసలు సంగతి తెలుస్తుంది. మీ చెయ్యి ముందుకు చాపి వేళ్ళన్నీ విప్పండి. ఆ నాలుగు వేళ్ళు మీ ఎత్తంత సాగి, వాటి మధ్య పల్చటి గొడుగు గుడ్డ బిగించినట్టు చర్మం ఉందనుకోండి, అది గబ్బిలం రెక్క. అందుకే గబ్బిలాల వర్గానికి కైరోప్టెరా అని పేరు పెట్టారు, చెయ్యే రెక్క అయినవి అని అర్థం. పిట్టకి వేళ్ళు చాలావరకు కలిసిపోయి కుదించుకుపోయాయి, రెక్క పరిమాణమంతా ఈకలది. ఈక ఊడితే కొత్తది వస్తుంది. గబ్బిలం రెక్క పొరకి చిన్న చిరుగు పడితే చర్మం మానినట్టే మానుతుంది.

ఊపిరి తీరు కూడా వేరు. పిట్ట ఒంట్లో గాలి సంచులుంటాయి, వాటి వల్ల ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిక్కుగా సాగుతూ ఉంటుంది. గబ్బిలానివి మనలాంటి ఊపిరితిత్తులే, కాకపోతే ఒంటికి తగ్గ కొలత కన్నా పెద్దవి. రెండు దార్లూ వేరైనా ఎగరడానికి కావలసిన ప్రాణవాయువు రెండిటికీ అందుతోంది.

స్విఫ్ట్ గూడు ఎక్కడ కడుతుంది? ఎన్నిసార్లు చూసినా కనబడదే!

కనబడదు, ఎందుకంటే అది తాటాకు అడుగున, మడతలో ఉంటుంది. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను చేసిన తప్పు ఒకటి ఇందులోనే ఉంది.

కొన్నేళ్ళ క్రితం మా చేని గట్టున తాటిచెట్టుకి మట్టలు కొట్టించాం. పశువుల పాక మీదకి ఆకు కావాల్సి వచ్చింది. కిందపడ్డ ఆకుల్ని సర్దుతుంటే ఒకదాని అడుగున ఏదో దూది ముద్ద అతుక్కుని కనిపించింది. బూజేమో అనుకుని వేలితో గీకబోయాను. రాలేదు. తిప్పి చూస్తే అర నిమ్మచెక్కంత దొప్ప. అందులో బూరుగు దూది, చిన్న చిన్న ఈకలు, అన్నీ ఎండిన బంకతో ఆకుకి అంటుకుపోయి ఉన్నాయి. ఆ దొప్ప అంచున రెండు తెల్లటి గుడ్లు. పడ్డ ఊపుకి ఒకటి చిట్లింది, ఇంకొకటి అలాగే అతుక్కుని ఉంది. మా నాన్నగారు అప్పటికే ఇంకో చెట్టు ఎక్కబోతున్న అబ్బాయిని ఆపారు. ఆ మిగిలిన గుడ్డుని మేం ఏం చేసినా బతికించలేకపోయాం. తల్లీతండ్రీ చాలాసేపు ఆ చెట్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి.

ఆ బంక పిట్ట ఉమ్మి. గాలిలో తేలే దూదినీ ఈకనీ ఎగురుతూనే పట్టుకుని, ఉమ్మితో ఆకుకి అంటిస్తుంది. గుడ్లని కూడా ఉమ్మితోనే గూటికి అంటిస్తుంది. లేకపోతే గాలికి ఊగే తాటాకు మీద గుడ్డు నిలిచే దారే లేదు. మామూలుగా రెండో మూడో గుడ్లు. ఆడా మగా వంతులవారీగా పొదుగుతాయి. పొదగడమంటే కోడిలా మీద కూర్చోవడం కాదు, ఆకుని గోళ్ళతో పట్టుకుని నిలువుగా అతుక్కుని ఉండటం. పిల్లకి కూడా పుట్టిన దగ్గర్నుంచి పట్టు వదలకుండా వేలాడటమే పని.

మేఘాలయలోని గారో కొండల్లో తాటాకులతో కప్పిన ఇళ్ళ చూరుల్లోనూ ఇవి గూళ్ళు కడతాయి. ఆకు చెట్టున ఉన్నా ఇంటి మీద ఉన్నా వాటికి ఒకటే.

గబ్బిలం కూడా గూడు కడుతుందా?

కట్టదు. దానికి తాటిచెట్టే గూడు. పచ్చటి తల కింద, మానుని చుట్టుకుని ఎండు మట్టలు లంగాలా వేలాడుతుంటాయి చూడండి, ఆ పొరల మధ్య దూరి పగలంతా పడుకుంటుంది. రెండు మూడు నుంచి కొన్ని పదుల దాకా ఒకచోట ఉంటాయి. గోడ పగుళ్ళలో, పాత పెంకుటిళ్ళ కప్పు సందుల్లో కూడా చేరతాయి. పేరులో హౌస్ అని ఉన్నది అందుకే.

చెట్టులో పసుపు గబ్బిలాలున్నాయో లేదో తెలుసుకోవాలంటే మొదలు చుట్టూ నేల చూడండి. బియ్యపు గింజంత నల్లటి రెట్టలు రాలి ఉంటాయి. చేతిలోకి తీసుకోకుండా పుల్లతో నలిపి చూస్తే పొడిపొడిగా విడిపోయి పురుగుల రెక్కల తునకలు మెరుస్తాయి. ఎలుక పెంటిక అలా పొడి కాదు.

చీకట్లో గబ్బిలానికి దారెలా తెలుస్తుంది? కళ్ళు కనబడవంటారు కదా?

కళ్ళు కనబడతాయి. కానీ వేట అంతా చెవితోనే. నోటితో మనకి వినబడనంత సన్నటి కేకలు వేస్తుంది. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాకా వినగలదు, దీని కేకలు అంతకు చాలా పైన ఉంటాయి. ఆ కేక పురుగుకి తగిలి తిరిగొచ్చేదాన్ని బట్టి అదెంత దూరంలో ఉందో, ఎటు కదులుతోందో తెలుసుకుంటుంది. 1790లలో ఇటలీలో స్పల్లంజానీ అనే శాస్త్రవేత్త కళ్ళు పోయిన గబ్బిలాలు కూడా అడ్డంకులు తప్పించుకు ఎగరడం గమనించాడు. చెవులు మూసేస్తే మాత్రం గుద్దుకున్నాయి. ఎందుకో ఆయనకి అంతుపట్టలేదు. దాదాపు 150 ఏళ్ళ తర్వాత అమెరికాలో డొనాల్డ్ గ్రిఫిన్ ఆ వినబడని కేకలని పరికరంతో పట్టి చూపించాడు.

స్విఫ్ట్ కంటి మీదే ఆధారపడుతుంది, వెలుగు తగ్గితే పని ఆపేస్తుంది. అయితే దాని చుట్టాల్లోనే పడమటి కనుమల గుహల్లో ఉండే ఇండియన్ స్విఫ్ట్‌లెట్ గబ్బిలంలాగే శబ్దం చేసి దారి వెతుక్కుంటుంది. ఆ టిక్కుటిక్కు శబ్దాలు మన చెవికీ వినబడతాయి.

వరి రైతుకి వీటి వల్ల ఉపయోగమేమిటి?

స్విఫ్ట్ తినేది గాలిలో తేలే చిన్న పురుగుల్ని, అంటే రెక్కల చీమలు, ఉసుళ్ళు, సన్న పెంకు పురుగులు, రసం పీల్చే పురుగుల్లో ఎగిరేవి. పసుపు గబ్బిలానికి పళ్ళు గట్టివి కాబట్టి ఎక్కువగా పెంకు పురుగులు, వాటితో పాటు రెక్కల పురుగులు, ఉసుళ్ళు తింటుంది. తొలకరి జల్లు పడ్డ సాయంత్రం పుట్టల్లోంచి ఉసుళ్ళు లేస్తే రెండిటికీ పండగే. ఆ ఒక్క రోజు స్విఫ్ట్‌లు మామూలు కంటే ఆలస్యంగా ఇంటికెళ్ళడం, గబ్బిలాలు కాస్త ముందే రావడం, రెండూ ఒకే ఆకాశంలో కలవడం చూశాను.

మనకి సార్వాలోనూ దాళ్వాలోనూ కాండం తొలుచు పురుగు టెన్షన్ తప్పదు. మొవ్వు చచ్చిపోయినా తెల్లకంకి వచ్చినా దాని పనే. గుడ్లు పెట్టే తల్లిపురుగు రాత్రిపూట ఎగిరేది, అందుకే లైటు దగ్గరికి వస్తుంది. స్పెయిన్‌లో ఎబ్రో డెల్టా కూడా మనలాగే వరి పండే చోటు. అక్కడ చేలలో గబ్బిలాల కోసం చెక్క పెట్టెలు పెట్టారు. గబ్బిలాలు పెరిగిన కొద్దీ ఆ ఊళ్ళ కాండం తొలుచు పురుగు నష్టం తగ్గుతూ వచ్చింది, మందు కొట్టాల్సిన స్థాయికి కిందనే ఉండిపోయింది. అక్కడి గబ్బిలం వేరే జాతి, పురుగూ వేరే జాతే. కానీ డెల్టా, వరి, రాత్రి ఎగిరే పురుగు, దాన్ని తినే గబ్బిలం అన్న వరస అక్కడా ఇక్కడా ఒక్కటే. వాళ్ళు డబ్బు పెట్టి పెట్టెలు కట్టారు. మన గట్ల మీద తాటిచెట్లు ఊరికే ఆ పని చేస్తున్నాయి.

దోమల్ని తినేస్తాయా? ఇంటి దగ్గర ఉంటే దోమల బెడద పోతుందా?

పోదు. దొరికితే దోమనీ తింటాయి గానీ పసుపు గబ్బిలానికి అంత చిన్న ముక్క కోసం తిరగడం గిట్టుబాటు కాదు. గాబులో నిలవ నీళ్ళు పారబోయడమే దోమలకి మందు.

పిల్లల్ని ఎలా పెంచుతాయి?

స్విఫ్ట్ నోట్లో పురుగుల్ని ముద్దగా చేసి తెచ్చి పిల్లకి పెడుతుంది. గబ్బిలం పాలిస్తుంది. ఏడాదికి ఒక్క కాన్పు, ఒక్కటో రెండో పిల్లలు. ఈ గబ్బిలాల మీద వారణాసిలో జరిగిన పరిశోధనల్లో ఒక వింత తేలింది. చలికాలంలో మగదానితో కలిశాక ఆడది ఆ వీర్యాన్ని ఒంట్లోనే దాచుకుంటుంది. మార్చి వచ్చాకే అండం విడుదలవుతుంది. పురుగులు పుష్కలంగా దొరికే వానాకాలానికి పిల్లలకి పాలివ్వగలిగేలా ఆ ఏర్పాటు.

ఏడాదికి ఒకటో రెండో అంటే ఎంత తక్కువో ఆలోచించండి. ఒక చెట్టులో ఉన్న గుంపు పోతే అది మళ్ళీ కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఎలుకల్లా పెరిగిపోతాయన్న భయం అక్కర్లేదు.

నిపా వైరస్ అంటున్నారు. తాటిచెట్టులో గబ్బిలం ఉంటే కల్లు తాగొచ్చా?

నిపా మొదట 1998-99లో మలేసియాలో బయటపడింది. మన దేశంలో 2001లో సిలిగుడిలో, 2018లో కోళిక్కోడ్ వైపు వచ్చింది. అది మోసేవి పండ్లు తినే పెద్ద గబ్బిలాలు. బంగ్లాదేశ్‌లో ఖర్జూర చెట్టుకి కట్టిన కుండల్లో ఆ పెద్ద గబ్బిలాలు మూతి పెట్టి నీరా తాగడం, ఆ పచ్చి నీరాని మనుషులు తాగడం వల్ల జబ్బు సోకింది. మట్టల్లో పడుకునే పసుపు గబ్బిలం కల్లు ముట్టదు, పురుగులే దాని తిండి. అందుకని దాన్ని చూసి చెట్టు తగలబెట్టడం అన్యాయం.

జాగ్రత్త మాత్రం మంచిదే. కుండకీ గెలకీ కలిపి వల గానీ సన్నటి తడిక గానీ కట్టిస్తే పెద్ద గబ్బిలం మూతి పెట్టలేదు. గబ్బిలం కొరికిన జామపండు, మామిడిపండు తినొద్దు. ఈ రెండూ ఇంట్లో పిల్లలకి చెప్పి ఉంచండి.

ఇంట్లోకి గబ్బిలాయి వస్తే అరిష్టమంటారు. ఏం చెయ్యాలి?

మా అమ్మమ్మ కూడా అలాగే అనేది, పసుపు నీళ్ళు చల్లేది. ఆవిడ భయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ లోపలికొచ్చిన గబ్బిలం మనకంటే ఎక్కువ భయపడి ఉంటుంది. ఫ్యాను ఆపండి, అదే మొదటి పని. లైటు తీసేసి, ఒక కిటికీ గానీ తలుపు గానీ పూర్తిగా తెరిచి, మీరు పక్క గదిలోకి వెళ్ళండి. చాలాసార్లు పది నిమిషాల్లో అదే వెళ్ళిపోతుంది. చీపురుతో కొట్టొద్దు.

కిందపడ్డ పిట్టనో గబ్బిలాన్నో ఎలా పట్టుకోవాలి?

స్విఫ్ట్‌ని ఉత్త చేత్తో తీసుకోవచ్చు. నేల మీద నుంచి లేవడం దానికి కష్టం. అరచేతిలో పెట్టుకుని చెయ్యి ఎత్తుగా చాపి ఉంచండి, బాగుంటే అదే ఎగిరిపోతుంది. గాలిలోకి విసరొద్దు.

గబ్బిలాన్ని మాత్రం ఉత్త చేత్తో ఎప్పుడూ ముట్టుకోవద్దు. మందపాటి తువ్వాలు వేసి తీసి, పిల్లి అందుకోలేనంత ఎత్తులో గరుకైన మాను మీదో గోడ మీదో వదలండి. ఎత్తున వేలాడితే దానికి ఎగరడం తేలిక. కొరికినా గీకినా సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగండి. ఇందులో మొహమాటం వద్దు.

చట్టం ఏమంటుంది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్లు తినే గబ్బిలాలని కాకులు, ఎలుకలతో కలిపి పీడ జంతువుల జాబితాలో పెట్టారు. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. నా మట్టుకు అది ఎప్పుడో జరగాల్సింది.

తాటాకు కొట్టకుండా కుదరదు. ఏ నెలలో కొడితే మంచిది?

ఫలానా నెలని చెప్పలేం. స్విఫ్ట్ ఏడాదిలో చాలా నెలలు గూడు కడుతూనే ఉంటుంది. నెల కంటే చెట్టు చూడటం ముఖ్యం. ముందు రోజు సాయంత్రం ఒక్క పావుగంట చెట్టు కింద నిలబడండి. పిట్ట పదేపదే ఒకే ఆకు కిందకి దూరుతోందంటే అక్కడ గూడుంది. ఆ ఆకుని వదిలేసి, పక్కవి కొట్టించండి. ఎండు మట్టల లంగాని మొత్తం ఒక్కసారి దులిపేయకుండా సగం ఉంచండి. గట్టున నాలుగు చెట్లుంటే ఈ ఏడు రెండు, వచ్చే ఏడు రెండు.

ఈ విషయంలో నాకు ఎక్కువ నేర్పింది గీత కార్మికులు. రోజూ మోకు వేసుకుని పైకెక్కేవాళ్ళకి ఏ చెట్టులో ఏముందో కంఠతా వచ్చు. మట్టలు కొట్టించే ముందు వాళ్ళని ఒక్క మాట అడగండి.

తాటిచెట్లు తగ్గిపోతే కొబ్బరిచెట్లలోకి మారవా? కోనసీమ నిండా అవేగా?

కొంత మారతాయి. రెండూ కొబ్బరి తలల్లోనూ కనిపిస్తాయి. కానీ కొబ్బరిచెట్టు ఎండిన మట్టని తనే రాల్చేస్తుంది, రాలనిదాన్ని దింపువాళ్ళు దింపేస్తారు. తాటిచెట్టులా ఏళ్ళ తరబడి వేలాడే ఎండు పొర దానికి ఉండదు. ఆకు కూడా ఈనెలుగా చీలి ఉంటుంది, గూడు అంటించడానికి తాటాకంత వెడల్పు మడత దొరకదు. గాలికి నిలబడటంలోనూ తాటిచెట్టుదే పైచెయ్యి. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమైన సంగతి ఇక్కడివాళ్ళెవరూ మర్చిపోలేదు.

రోడ్డు వెడల్పుకో, చెరువు గట్టు పొయ్యడానికో తాటిచెట్టు పడేసినప్పుడు దాన్ని పనికిరాని చెట్టుగానే లెక్కేస్తారు. నాటిన టెంక చెట్టై, ఎండు మట్టలు కట్టుకుని, ఈ రెండిటికీ ఇల్లవ్వడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. మా గట్టున తేగల కోసం పాతర వేసినప్పుడల్లా నాలుగు టెంకలు తియ్యకుండా వదిలేస్తున్నాం.

మా ఊళ్ళో చూడాలంటే ఎప్పుడు, ఎక్కడ?

ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా తాటిచెట్లున్న ఏ కాలువ గట్టయినా సరే. పొద్దు వాలడానికి పావుగంట ముందు వెళ్ళండి. చెట్టుకి పడమర వైపు వెలుగు ఉండేలా నిలబడితే ఆకారాలు స్పష్టంగా కనిపిస్తాయి. ముందు స్విఫ్ట్‌లు కాలువ మీదకి జారి, ఆగకుండానే నోరు తెరిచి నీళ్ళని ఒక గీత గీసి పోతాయి. తర్వాత ఒక్కొక్కటీ ఆకుల్లోకి దూరిపోతాయి. ఆ కీచుకీచులు ఆగిపోయాక వెళ్ళిపోకండి. మట్టల్లో చిన్న గరగర వినిపిస్తుంది. ఒక నీడ ఊడిపడ్డట్టు కిందకి జారి, నేల తాకేలోపు రెక్క విప్పి పైకి లేస్తుంది. వెనకాలే ఇంకొకటి, ఇంకొకటి. అవి కూడా ముందు ఆ కాలువ మీదకే వెళ్ళి, అదే తీరుగా నీళ్ళు గీసుకుంటూ పోతాయి.